వీడ్కోలు సభ బాధ్యత తీసుకున్న మేనకోడలికి

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

పదో తరగతి పిల్లల వీడ్కోలు సభ పని నీకు అప్పగించారని మీ నాన్న ఫోనులో చెప్పాడు. చక్రాల కుర్చీలో వచ్చే అబ్బాయినీ, చెవులు వినిపించని అమ్మాయినీ సభలో ఎలా కలుపుకోవాలని అడిగావట. ముందు నేను చేసిన తప్పు చెబుతాను.

చాలా ఏళ్ల కిందట మా బడిలో కాళ్లకు ఇనుప పట్టీలతో నడిచే కుర్రాడు ఒకడుండేవాడు. మెట్లు ఎక్కలేడని, అందరి పేర్లూ అయ్యాక నేనే కిందికి దిగి జ్ఞాపిక చేతిలో పెట్టాను. సభంతా లేచి చప్పట్లు కొట్టింది. నాకూ కళ్లు చెమర్చాయి. మర్నాడు వాళ్లమ్మ వచ్చి, "హాజరు పట్టీలో నా పేరు మూడోది కదా, చివర ఎందుకు పిలిచారని రాత్రంతా అడిగాడండీ" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

అందుకని వరుసలో ఎవరి పేరు ఎక్కడ ఉంటే అక్కడే పిలిపించు. మైకు పట్టుకునే వాళ్లకు ముందే చెప్పు: "లోపం ఉన్నా సాధించాడు" వంటి మాటలు వద్దు, పేరు చాలు.

ఇక వేదిక. చక్రాల కుర్చీ ఎక్కే వాలు దారికి అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కావాలి. మీ వేదిక మూడడుగులుంటే 36 అడుగులన్నమాట. షామియానా వాళ్లు మెట్ల మీద చెక్క పరిచి సరిపోతుందంటారు. ఒప్పుకోకు, అంత నిటారుగా ఎక్కిస్తే కుర్చీ వెనక్కి పడిపోతుంది. నలుగురు కలిసి ఎత్తి పైకి చేర్చడం ఇంకా ఘోరం. పదిహేనేళ్ల పిల్లాణ్ని తోటివాళ్ల ముందు మూటలా మోయడమది. వాలు దారికి చోటు లేకపోతే వేదికనే వదిలెయ్. నేల మీద తివాచీ పరిచి, అతిథుల్ని కిందికి పిలిచి, జ్ఞాపికలన్నీ అక్కడే ఇప్పించు. ఆ ఒక్కడికే కాదు, అందరికీ అక్కడే. ప్రధానోపాధ్యాయులు కాదంటే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తు చెయ్యి. చదువుతోపాటు ఆటల్లో, వినోద కార్యక్రమాల్లో కూడా ఈ పిల్లలకు సమాన అవకాశం ఇవ్వాలని అందులో ఉంది.

అమ్మాయికి తన పేరు పిలిచింది వినపడదు. తనకంటే ముందు వెళ్లేది ఎవరో ఆమెకు చెప్పి ఉంచు, పక్కన కూర్చున్న స్నేహితురాలు భుజం తట్టాలి. ప్రసంగాలను సైగల భాషలో చెప్పగలిగే వాళ్ల కోసం ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో అడిగి చూడు. చప్పట్లకు బదులు చేతులు పైకెత్తి ఊపడం క్లాసంతా నేర్చుకుంటే ఆమెకు కనబడుతుంది. పిల్లలు ఒక్క పూటలో నేర్చేసుకుంటారు.

ఆటిజం ఉన్న పిల్లలుంటే సౌండు బాక్సులకు దూరంగా చోటు చూడు. ముందు రోజు ఖాళీ ప్రాంగణంలో ఒకసారి నడిపించు.

గ్రూపు ఫోటో దగ్గర చాలామంది పొరపడతారు. బెంచీలు వరసగా వేసేసి, కుర్చీని ఓ మూలకు నెట్టేస్తారు. ముందు వరుస మధ్యలో చోటు వదిలించు, వాడి స్నేహితులు అటూ ఇటూ కూర్చుంటారు.

ఇంకో మాట, ఇది మరచిపోవద్దు. బడికి రాలేక ఇంటి దగ్గరే చదువుకునే పిల్లలు మీ రికార్డుల్లో ఉన్నారేమో చూడు. అలాంటి వాళ్లకు హాజరు పట్టీలో పేరుంటుంది కానీ ఫోటోలో ముఖం ఉండదు. ఆహ్వానం నువ్వే పట్టుకుని వాళ్ల ఇంటికి వెళ్లు. ఆటో ఖర్చు సభ లెక్కలో రాయించు.

వీటన్నిటికంటే ముందు ఆ ఇద్దరినీ కూర్చోబెట్టుకుని ఏం కావాలో అడుగు. తల్లిదండ్రులను తర్వాత అడగవచ్చు. అబ్బాయి వేదిక మీదికే వస్తానంటే వాలు దారి వేయించాల్సిందే. కిందే బాగుంటుందంటే కిందే. సభకు రానంటే బలవంతం చేయకు, కానీ ఎందుకు రానంటున్నాడో తెలుసుకో. నేను ఆ రోజుల్లో ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది.

శనివారం పొద్దున్న విజయవాడ వస్తున్నాను. టేపు తెస్తాను, వేదిక ఎత్తు కొలుద్దాం. మరుగుదొడ్డి గుమ్మం వెడల్పు కూడా కొలవాలి, తాళం చెవి తీసి ఉంచు.

అత్తయ్య