రష్యన్ రాకపోయినా విసోత్‌స్కీ పాటలు వినొచ్చా? అసలు ఎవరాయన?

వినొచ్చు. నేను అలాగే మొదలుపెట్టాను. తన పాటలు తానే రాసుకుని గిటార్‌తో పాడిన సోవియట్ గాయకుడు, నటుడు ఆయన.

రష్యాలో మెడిసిన్ చదవడానికి వెళ్లిన మొదటి చలికాలం. హాస్టల్ గుమ్మం దగ్గర డ్యూటీలో కూర్చునే పెద్దావిడ చిన్న టేప్‌రికార్డర్‌లో ఎప్పుడూ ఒకే గొంతు పెట్టుకునేది. గరగరలాడే గొంతు, పక్కన గిటార్, అంతే. ఎవరితోనో తగాదా పడుతున్నాడేమో అనుకున్నా. అప్పటికి నాకొచ్చిన రష్యన్ అంకెలు, కూరగాయల పేర్లు. అయినా ఒకటి మాత్రం చెవికి తగిలింది. మనం పాటలో రాగం తీసేది అచ్చుల మీద. విసోత్‌స్కీ హల్లుల మీద తీస్తాడు! మాట మధ్యలో 'ర్‌ర్‌ర్', 'న్‌న్‌న్' అంటూ పళ్ల బిగువున సాగదీస్తాడు. మాటలు అచ్చుతో ముగిసే అజంత భాష మాట్లాడే మనకు ఇది భలే వింతగా ఉంటుంది. నేనూ అలా అనబోతే ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వి, టీ పోసిచ్చింది.

వ్లదీమిర్ విసోత్‌స్కీ 1938లో మాస్కోలో పుట్టాడు. ఇంజనీరింగ్‌లో చేరి కొన్ని నెలలకే మానేసి నటన నేర్చుకున్నాడు. 1964 నుంచి చివరిదాకా మాస్కోలోని తగాన్కా అనే నాటకశాలలోనే ఉన్నాడు. 1971లో అక్కడ షేక్‌స్పియర్ నాటకంలో హామ్లెట్ వేశాడు. రాజకుమారుడి వేషం కాదు, నల్ల స్వెటర్. జనం ఇంకా సీట్లు వెతుక్కుంటుండగానే స్టేజీ వెనక గోడ దగ్గర గిటార్‌తో కూర్చుని ఉండేవాడట.

పాటలు వందల్లో రాశాడు. సర్కారీ కంపెనీ వేసినవి ఏవో కొన్ని చిన్న రికార్డులు. మిగతావన్నీ జనమే ఒకరి టేపు నుంచి ఇంకొకరు కాపీ చేసుకుని దేశమంతా తిప్పారు. సైనికుడిగా, ఖైదీగా, కొండలెక్కేవాడిగా ఎంత నమ్మకంగా పాడాడంటే, యుద్ధంలో నాతో ఉన్నది మీరేనా అని ఉత్తరాలు వచ్చేవి. యుద్ధం ముగిసేనాటికి ఆయనకు ఏడేళ్లు!

1979లో ఒక టీవీ సీరియల్‌లో పోలీసు అధికారి జెగ్లోవ్‌గా కనిపించాడు. రష్యన్ రాని స్నేహితులకు నేను ముందు ఇదే చూపిస్తాను.

తాగుడు, మత్తుమందులు ఆయన్ని తినేశాయి. అభిమానులు దీన్ని మెత్తగా దాటేస్తారు గానీ దాచడమెందుకు? 1980 జులై 25న, మాస్కో ఒలింపిక్స్ జరుగుతుండగా పోయాడు. 42 ఏళ్లు. పేపర్లలో పెద్దగా రాలేదు, అయినా తగాన్కా ముందు వేల మంది పోగయ్యారు. బతికుండగా ఇవ్వని సోవియట్ ప్రభుత్వ బహుమతి 1987లో ఇచ్చారు.

తర్వాతెప్పుడో మాస్కో వెళ్లినప్పుడు వగాన్కోవో శ్మశానంలో ఆయన సమాధి చూశాను. విగ్రహం తల వెనక గిటార్, దేవుడి పటంలో వెలుగుచక్రంలా. పూలు ఎన్ని ఉన్నాయో!

ఆర్కెస్ట్రాతో చేసిన రికార్డింగులూ దొరుకుతాయి. వాటి జోలికి ఇప్పుడే వెళ్లకండి. గిటార్ ఒక్కటే ఉన్న పాత కచేరీలు వినండి. శ్రుతి పక్కాగా ఉండదు, వెనక ఎవరో దగ్గుతుంటారు. పర్లేదు, వాల్యూమ్ పెంచండి.