సంతకాలు పెడుతున్నారు, చేతులు మాత్రం కడగట్లేదు: ఇన్ఫెక్షన్ కంట్రోల్ ట్రైనింగ్‌లో నేను నేర్చుకున్నది

60 పడకల ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ బాధ్యత కొత్తగా మీ నెత్తిన పడింది, స్లైడ్లు చేసి రెండుసార్లు క్లాసు పెట్టారు, నర్సులంతా వచ్చి రిజిస్టర్‌లో సంతకాలు పెట్టి వెళ్లారు, డాక్టర్లు రావట్లేదు, వార్డులో మాత్రం అంతా ఎప్పటిలాగే ఉంది, ఇప్పుడేం చేయాలి అని అడిగారు. చదువుతుంటే నా మొదటి ఏడాది కళ్ల ముందు తిరిగింది. 9 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేశాక నన్నూ ఇలాగే ఒకరోజు పిలిచి ఇకనుంచి ఇది నువ్వు చూసుకో అన్నారు, ఎలా చూసుకోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

నా మొదటి క్లాసులో 54 స్లైడ్లు. బ్యాక్టీరియా అంటే ఏమిటి దగ్గర మొదలుపెట్టి గంటన్నర వాయించాను. చివర్లో పది ప్రశ్నల పరీక్ష పెడితే దాదాపు అందరికీ పదికి పది వచ్చాయి, నేను తెగ సంబరపడిపోయాను. మర్నాడు పొద్దున వార్డుకి వెళ్తే, పదికి పది తెచ్చుకున్న సిస్టరే ఒక పేషెంటు యూరిన్ బ్యాగు ఖాళీ చేసి, అవే గ్లౌజులతో పక్క బెడ్ మీదాయన సెలైన్ లైను సరిచేస్తోంది. అక్కడే అందరి ముందూ అరిచాను. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, ఆ తర్వాత రెండు నెలలు నన్ను చూస్తే చాలు మొహం తిప్పుకునేది. తప్పు ఎక్కువగా నాదేనని తెలియడానికి ఇంకో వారం పట్టింది.

ఆ వారం ఏం చేశానంటే, క్లాసులన్నీ ఆపేసి వార్డులో ఒక మూల కూర్చుని ఊరికే చూశాను. ఫైలు పట్టుకుని వెళ్తే అందరూ చేతులు తెగ రుద్దేస్తారు, మీరూ గమనించే ఉంటారు, అందుకని మందుల ట్రాలీ సర్దుతున్నట్టు నటించేదాన్ని. అప్పుడు అర్థమైంది, హ్యాండ్ రబ్ సీసా, అంటే చేతులకి రుద్దుకునే ఆల్కహాల్ మందు, తలుపు పక్కన గోడకి ఉంది, చివరి బెడ్ నుంచి అక్కడికి పది పన్నెండు అడుగులు వేయాలి, ఒక సిస్టర్ షిఫ్టులో పేషెంట్‌ని ముట్టుకునేది ఒకసారో రెండుసార్లో కాదు కదా. ఆమెకి తెలియక కాదు, ప్రతిసారీ ఆ నడక కుదరకే మానేస్తోంది. సీసాలు ప్రతి బెడ్ కాళ్ల వైపు తగిలించాం, అంతే, నా 54 స్లైడ్లు చేయలేని పని 15 రోజుల్లో సగం అయిపోయింది. కాబట్టి ముందు మీ వార్డులో పని ఎక్కడ ఆగిపోతోందో కనుక్కోండి, క్లాసు తర్వాత. ఉన్న సింకులో నీళ్లు రాకపోయినా, తుడుచుకోవడానికి టిష్యూ లేకపోయినా, చేతులు ఎలా కడుక్కోవాలో ఎంత బాగా చెప్పినా దండగే.

చేతుల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ఐదు సందర్భాలు మీకు తెలిసే ఉంటాయి: పేషెంట్‌ని ముట్టుకునే ముందు, శుభ్రంగా చేయాల్సిన ప్రొసీజర్ ముందు, రక్తంలాంటివి చేతికి అంటుకునే అవకాశం ఉన్న పని తర్వాత, పేషెంట్‌ని ముట్టుకున్న తర్వాత, బెడ్డు, మానిటర్ లాంటి చుట్టుపక్కల వస్తువులు ముట్టుకున్న తర్వాత. ఈ ఐదింటికీ సమానంగా టైమ్ ఇవ్వకండి. మన చేతికి ఏదో అంటిందనిపిస్తే ఎవరూ చెప్పకుండానే కడుక్కుంటాం, అది మన భయం. ఎక్కువగా తప్పిపోయేది "ముందు" అనేది, ఎందుకంటే అక్కడ కాపాడేది మనల్ని కాదు, పేషెంట్‌ని. నేను ఇప్పుడు సగం సమయం దాని మీదే పెడతాను. ఇంకా రెండు చిన్న విషయాలు: హ్యాండ్ రబ్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బు నీళ్లయితే మొత్తం 40 నుంచి 60 సెకన్లు పడుతుంది, చేతికి మురికి కనిపిస్తున్నప్పుడూ, సి. డిఫ్ అనే బ్యాక్టీరియా వల్ల విరేచనాలు అవుతున్న పేషెంటు దగ్గర చేసినప్పుడూ మాత్రం సబ్బు నీళ్లే వాడాలి, ఆ బ్యాక్టీరియా గట్టి పెంకులాంటి స్పోర్లు ఆల్కహాల్‌కి చావవు. గ్లౌజులు వేసుకున్నాం కదా అన్న ధీమాని మాత్రం గట్టిగా పోగొట్టాలి, తీశాక కూడా చేతులు శుభ్రం చేసుకోవాల్సిందే.

నాకు బాగా పనికొచ్చింది అల్ట్రావయొలెట్ లైటు కింద మెరిసే పొడి. గ్లౌజుల మీద, గౌను ముందువైపు అది పూసి, ఇప్పుడు మామూలుగా అన్నీ తీసేయండి అంటాను. తర్వాత గదిలో లైట్లు ఆపి ఆ దీపం పెడితే మెడ మీద, మణికట్టు దగ్గర, చెవి వెనకాల మెరుస్తుంది. ఒకసారి ఒక సీనియర్ సిస్టర్ ఫోన్ మొత్తం మెరిసిపోయింది, తీయడం మధ్యలో ఫోన్ మోగితే కట్ చేయడానికి ఒక్కసారి ముట్టుకుందట. అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది, కానీ ఆ రోజు నుంచి ఆ వార్డులో పీపీఈ, అంటే గ్లౌజులు, గౌను, మాస్కు లాంటివి, తీసేటప్పుడు ఫోన్లు మోగుతూనే ఉంటాయి. ముందు గ్లౌజులు, తర్వాత కళ్లద్దాలు, తర్వాత గౌను, గదిలోంచి బయటికి వచ్చాక చివర్లో మాస్కు, మధ్యలో చేయి మురికి అయిందనిపిస్తే ఆగి రబ్ చేసుకుని మళ్లీ మొదలు. ఈ వరస మాటల్లో చెప్తే ఎవరికీ గుర్తుండదు, ఒకసారి తన మెడ మీద తనే చూసుకుంటే మర్చిపోరు.

ఇప్పుడు అసలు సంగతి. మీ ప్రశ్నలో నర్సులూ డాక్టర్లూ ఉన్నారు, హౌస్‌కీపింగ్ వాళ్ల మాటే లేదు. నేనూ మొదట ఇదే పొరపాటు చేశాను. పేషెంటు చుట్టూ అన్ని వస్తువులనూ రోజూ ముట్టుకునేది వాళ్లు, ట్రైనింగ్‌లో మాత్రం వాళ్లని వెనక వరసలో కూర్చోబెడతాం, అదీ సగం అర్థంకాని మాటలతో. ఒకసారి ఒక ఆయమ్మని, బ్లీచ్ ఎలా కలుపుతావమ్మా అని అడిగాను. మూతతో రెండు మూతలు పోస్తానమ్మా అంది. ఏ బకెట్‌లో అంటే, ఏది ఖాళీగా ఉంటే దాంట్లో. మేమేమో గోడ మీద ఒక శాతం సోడియం హైపోక్లోరైట్ (ఆ బ్లీచ్ మందు పేరే) అని పెద్ద అక్షరాలతో అంటించి చేతులు దులుపుకున్నాం! ఒక శాతం అంటే ఎన్ని మగ్గులో ఆమెకి ఎవరు చెప్పాలి? డబ్బా మీద 5 శాతం అని ఉంటే ఒక మగ్గు మందుకి నాలుగు మగ్గుల నీళ్లు, అప్పుడు ఒక శాతం అవుతుంది, రక్తం ఒలికిన చోట వాడేది అది. డబ్బా మారి 10 శాతం వస్తే ఒకటికి తొమ్మిది. బకెట్ లోపల పెయింట్‌తో రెండు గీతలు గీశాం, మందు ఈ గీత దాకా, నీళ్లు ఆ గీత దాకా. చదవడం రాకపోయినా ఇబ్బంది లేదు. ఏ రోజుది ఆ రోజే కలపాలి, నిన్నటిది పారబోయాలి.

ఆమె దగ్గరే ఇంకో విషయం బయటపడింది. వాసన ఘాటుగా ఉంటుందని, మరక బాగా పోతుందని బాత్‌రూములో బ్లీచ్‌తో పాటు యాసిడ్ కూడా పోసేవాళ్లు, పోశాక దగ్గు వస్తోందని తలుపు తీసి బయట నిలబడేవాళ్లు. ఆ రెండూ కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు, మూసి ఉన్న గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. అన్నాళ్లూ ఎవరికీ ఏమీ కాకపోవడం మా అదృష్టం, అంతే. అలాగే రక్తం ఒలికితే నేరుగా దాని మీద మందు పోసి వెంటనే తుడిచేసేవాళ్లు. ముందు గ్లౌజులు వేసుకుని, పీల్చుకునే గుడ్డతోనో కాగితంతోనో రక్తాన్ని తీసెయ్యాలి, ఆ తర్వాతే మందు పోసి కనీసం 10 నిమిషాలు తడిగా ఉండనివ్వాలి. మురికి ఉండగా పోస్తే ఆ మందు బలం మురికితోనే సరిపోతుంది. ఇవన్నీ నేను పాఠం చెప్తే బయటికి వచ్చేవి కావు, మీరెలా చేస్తారో నాకు చూపించండి అని అడిగితేనే వచ్చాయి.

సూదుల గురించి చెప్పకపోతే ఈ జవాబుకి అర్థం లేదు. ఒక జూనియర్ అమ్మాయికి మూత పెట్టబోతుండగా వాడిన సూది గుచ్చుకుంది. తిడతారని భయపడి నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు వీలైనంత త్వరగా, కొన్ని గంటల్లోనే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే ఇక లాభం లేదన్నట్టే, మొదలుపెడితే 28 రోజులు వాడాలి. ఆమె నాకు చెప్పేసరికి ఆ గడువు దాటిపోయింది. ఆ సూది వాడిన పేషెంటుకి ఏమీ లేదని పరీక్షల్లో తేలింది కాబట్టి సరిపోయింది గానీ, రిపోర్టు వచ్చేదాకా ఆ పిల్ల పడ్డ టెన్షన్ నేను చూశాను. హెచ్ఐవీ ఉన్న పేషెంటు సూది గుచ్చుకుంటే వచ్చే అవకాశం దాదాపు 0.3 శాతం, టీకా వేసుకోనివాళ్లకి హెపటైటిస్ బి అయితే అంతకు ఎన్నో రెట్లు, 6 నుంచి 30 శాతం దాకా. దానికి మూడు డోసుల టీకా ఉండగా మా హౌస్‌కీపింగ్‌లో సగం మందికి అది వేయలేదని అప్పుడే తెలిసింది! అందుకే ఇప్పుడు నా ట్రైనింగ్‌లో మొట్టమొదటి మాట ఇదే: గుచ్చుకుంటే పిండకండి, నోట్లో పెట్టుకోకండి, సబ్బు నీళ్లతో కడిగి, అర్ధరాత్రి అయినా ఫలానా నంబరుకి ఫోన్ చేయండి, ఎవరూ తిట్టరు. తిట్టరు అన్న మాట పైవాళ్ల చేత, అందరి ముందూ చెప్పించండి. సూదికి మళ్లీ మూత పెట్టొద్దు, సూదుల డబ్బా ముప్పావు నిండగానే మార్చాలి, అది చేయి చాచితే అందేంత దూరంలో ఉండాలి, ఇక్కడ కూడా మళ్లీ ఆ సీసా కథే.

డాక్టర్లు రారు అన్నారు. నిజమే, రారు. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించి బాలింతల మరణాలు బాగా తగ్గించి చూపించినా తోటి డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు, మీ చేతుల వల్లే చస్తున్నారు అంటే ఎవరికైనా కోపమే వస్తుంది. నేను వాళ్లకి క్లాసు చెప్పడం మానేశాను. ఒకే ఒక్క పెద్ద డాక్టర్‌ని పట్టుకుని, రౌండ్స్‌లో ప్రతి బెడ్ దగ్గరా మీరు రబ్ చేసుకుంటే చాలు సార్, నేనింకేమీ అడగను అన్నాను. ఆయన చేస్తుంటే వెనక ఉన్న జూనియర్లు చేతులు కట్టుకుని నిలబడలేరు కదా. దీంతోపాటు సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం) వేసేటప్పుడు చెక్‌లిస్ట్ సిస్టర్ చేతిలో ఉండేలా చూడండి, ఒక మెట్టు తప్పితే ఆపే హక్కు ఆమెకి ఉండాలి. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని వందకి పైగా ఐసీయూల్లో ఇలాగే చేసి లైన్ ఇన్ఫెక్షన్లు మూడింట రెండొంతుల దాకా తగ్గించారు, ఆ ఫలితాలు 2006లో వచ్చాయి. ఆపే హక్కు కాగితం మీద ఉంటే చాలదు, మొదటిసారి ఆపిన సిస్టర్ వెనక మీరు వెళ్లి నిలబడాలి. నేను నిలబడ్డాను, ఆ రోజు మాటలు కూడా పడ్డాను.

ఇక క్లాసు ఎలా పెట్టాలంటే, గంటన్నర వద్దు. షిఫ్టు మారే టైములో 10 నిమిషాలు, వారానికి ఒకే విషయం, అదీ వార్డులోనే, నిలబడే. నైట్ డ్యూటీ వాళ్లని వదిలేయకండి, పగలు మాత్రమే పెడితే వాళ్లకి ఏడాదంతా ఏమీ అందదు. కొత్తగా చేరినవాళ్లకి మొదటి షిఫ్టుకి ముందే సూది గురించీ చేతుల గురించీ చెప్పేయాలి, మిగతాది తర్వాత.

ఫలితం ఎలా కొలవాలి అని కూడా అడిగారు. పరీక్ష మార్కులు పక్కన పెట్టి స్టోర్‌లో హ్యాండ్ రబ్ లెక్క చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వీయ మదింపు పత్రంలో 1,000 పేషెంట్ రోజులకి (ఒక పేషెంటు ఒక రోజు ఉంటే ఒక పేషెంట్ రోజు) కనీసం 20 లీటర్లు అని ఉంటుంది, మీ 60 పడకలూ నిండుగా ఉంటే నెలకి 1,800 పేషెంట్ రోజులు, అంటే 36 లీటర్లు. మీ స్టోర్ నుంచి నెలకి ఐదారు లీటర్లే వెళ్తుంటే రిజిస్టర్‌లో ఎన్ని సంతకాలున్నా కథ తెలిసిపోయినట్టే. మేము మొదలుపెట్టినప్పుడు మా లెక్క చెప్పుకోడానికి కూడా సిగ్గుగా ఉండేది.

మెరిసే పొడి కొనడానికి మీ దగ్గర ఒప్పుకోకపోతే మామూలు పోస్టర్ కలర్‌తో చేయండి. గ్లౌజులు తొడిగి, కళ్లు మూసుకోమని చెప్పి, అరచేతిలో కాస్త రంగు పోసి హ్యాండ్ రబ్ లాగే రుద్దమనండి. కళ్లు తెరిచాక చూస్తే బొటనవేలూ, వేళ్ల కొసలూ తెల్లగానే మిగిలిపోతాయి, దాదాపు ప్రతి ఒక్కరికీ. మొదట మీరే చేసి చూపించండి, మీ బొటనవేలు కూడా మిగిలిపోతే ఇంకా మంచిది.