ముసురు పట్టకముందే పిల్లుల గూడు

అనంతపురం

చిరంజీవి సరళకు పెద్దనాయన ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కడపలో మీరు అద్దెకున్న ఇంటి పెరట్లో ఒక తల్లి పిల్లి, దాని మూడు కూనలు, ఎవరి చేతికీ చిక్కని మరో రెండు పెద్ద పిల్లులు తిరుగుతున్నాయనీ, చలి మొదలయ్యేలోపు ఒక అట్టపెట్టెలో పాత దుప్పట్లు వేసి పెడితే సరిపోతుందా అనీ అడిగావు. అట్టపెట్టె వద్దు, దుప్పట్లు అసలే వద్దు. ఎందుకు వద్దంటున్నానో, వాటికి బదులు ఏం చేయాలో వివరంగా రాస్తున్నాను. ఉత్తరం కొంత పొడవైనా ఓపికగా చదువు.

ముందు మన ప్రాంతపు చలి ఎలాంటిదో గుర్తుంచుకోవాలి. ఇక్కడ నీళ్లు గడ్డకట్టేంత చలి లేదు. అనంతపురంలో జనవరి రాత్రులు మామూలుగా 16, 17 డిగ్రీల దగ్గర ఉంటాయి, మీ కడపలో ఇంకొంచెం వెచ్చగానే ఉంటుంది. ఒళ్లు పొడిగా ఉన్న పెద్ద పిల్లి ఆ మాత్రం చలిని ఏ గోడ మూలనో ముడుచుకుని తట్టుకుంటుంది. చిక్కంతా చలికంటే ముందు వచ్చే ముసురుతోనే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడల్లా కడప జిల్లాలో రోజుల తరబడి వాన, దానితోపాటు ఈశాన్యపు గాలి ఉంటాయి. 2021 నవంబరులో చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పటి ముసురు నీకూ గుర్తుండే ఉంటుంది. పిల్లి వెంట్రుకలు పొడిగా ఉన్నంతసేపే ఒంటికి రక్షణ. తడిస్తే అవి ఒంటికి అతుక్కుపోయి, గాలి సోకిన కొద్దీ వేడిని పోగొడతాయి. పెద్ద పిల్లి ఒంటి వేడి 38, 39 డిగ్రీలు ఉంటుంది, తిండి దొరికితే అది దాన్ని నిలుపుకోగలదు. పుట్టిన తొలి వారాల్లో కూనలకు ఆ శక్తి ఉండదు, తల్లి పక్కన ఉంటేనే వాటికి వెచ్చదనం. తల్లి తిండి వెతుక్కుంటూ వెళ్లిన కాసేపట్లో అవి తడి నేల మీద ఉంటే చాలు, ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి గూడు కట్టేటప్పుడు ప్రతి చోటా నీకు నీవు వేసుకోవలసిన ప్రశ్న ఒకటే, ఇక్కడికి తడి ఎలా రాగలదు అని. వేడి సంగతి పిల్లి చూసుకుంటుంది.

దుప్పటి, తువ్వాలు, గోనెపట్ట, పాత చీరలతో కుట్టిన బొంత, ఇవన్నీ తడిని పీల్చి తమలోనే నిలుపుకుంటాయి. వానలో తడిసి వచ్చిన పిల్లి వాటి మీద పడుకుంటే ఆ గుడ్డ ఆరదు సరిగదా, దాని ఒంటి వేడినే లాగేస్తుంది, రెండు రోజులకు ముక్కవాసన కూడా కొడుతుంది. గూటిలో నింపవలసింది ఎండిన వరిగడ్డి. దాని కాడలు లోపల బోలుగా ఉంటాయి కనుక గాలిని పట్టి ఉంచుతాయి, నీటిని గుడ్డలా పీల్చవు, పైగా పిల్లి అందులోకి దూరి తన ఒంటికి సరిపడా గుంత తానే చేసుకుంటుంది. మన వైపు వేరుశనగ కట్టె సులభంగా దొరుకుతుంది కదా అని దాన్ని మాత్రం నింపవద్దు. అది ఆకుతో కూడిన పశువుల మేత. తేమ తగిలితే మెత్తబడి బూజు పడుతుంది, ఆ బూజు పిల్లులకూ మంచిది కాదు, గడ్డి మార్చే నీకూ మంచిది కాదు. జొన్న చొప్ప మరీ బిరుసు, పిల్లి దానిలో దూరలేదు. కొర్రగడ్డి సన్నగా, మెత్తగా ఉంటుంది. బాగా ఎండినదైతే వరిగడ్డి దొరకనప్పుడు దానితో గడుపుకోవచ్చు.

వరిగడ్డికి నీవు ఎక్కువ తిరగనక్కరలేదు, మైదుకూరు వైపు కె.సి. (కర్నూలు-కడప) కాలువ కింద వరి పండించే ఊళ్లలో ఎవరిని అడిగినా రెండు మోపులు ఇస్తారు. అయితే కొత్త పంట గడ్డి చేతికి వచ్చేసరికి ఆలస్యమవుతుంది, వచ్చినా పచ్చిగా ఉంటుంది. నీ గూడు దీపావళికే సిద్ధం కావాలి. అందుచేత నిరుటి వామి గడ్డి అడుగు. వామి పైపొర వానలకు నల్లబడి ఉంటుంది, అడుగున ఉన్నది నేల చెమ్మకు ముక్కి ఉంటుంది, నడుమ నుంచి లాగిన పసుపుపచ్చని గడ్డినే తీసుకో. గుప్పెట్లో నలిపితే కరకరమని విరగాలి. తెచ్చిన తరువాత ఒక పూట ఎండలో పరిచి, దులిపి, అప్పుడు వాడు.

ఇక పెట్టె. అట్ట తడికి నానిపోతుంది కనుక పనికిరాదు. మందుల దుకాణాలకు టీకాలు, ఇన్సులిన్ వచ్చే థర్మాకోల్ పెట్టెలు చాలా చోట్ల వృథాగా పడి ఉంటాయి, మర్యాదగా అడిగితే ఇస్తారు. థర్మాకోల్‌లో నూటికి 98 పాళ్లు గాలే; ఆ గాలి కదలకుండా గడులలో చిక్కుకుని ఉంటుంది కనుక లోపలి వేడి బయటికి పోదు. చేపలు వచ్చిన పెట్టె ఎంత కడిగినా వాసన వదలదు, వీధి కుక్కలను రమ్మని పిలుస్తుంది, అది వద్దు. థర్మాకోల్ ఒక్కటే బయట పెడితే పిల్లులు గీరి తునకలు చేస్తాయి, గాలికి ఎగిరిపోతుంది కూడా. దానికి బయట ఒక కవచం ఉండాలి. ఐటీఐలో ఇన్నేళ్లు వడ్రంగం నేర్పినవాణ్ణి కనుక నా ఓటు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పెట్టెకే. బయటి వైపు, ముఖ్యంగా కోసిన అంచులకు, రెండు పూతల ఆయిల్ పెయింటు వేస్తే నాలుగైదు వానాకాలాలు నిలుస్తుంది. అంత పని ఎందుకనుకుంటే మూత గట్టిగా పట్టే పెద్ద ప్లాస్టిక్ డబ్బా కొని, థర్మాకోల్ పెట్టెను అందులో దించి, రెండింటి మధ్య సందులో గడ్డి కూరవచ్చు.

లోపలి కొలత 24 అంగుళాల పొడవు, 16 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు మించనివ్వకు. గూడు పెద్దదైతే పుణ్యం ఎక్కువని అనుకునేవాళ్లు ఉన్నారు, పిల్లికి మాత్రం దానివల్ల కష్టమే ఎక్కువ. తన ఒంటి వేడితో నింపుకోలేనంత జాగా ఉంటే అది రాత్రంతా చలిలోనే ఉన్నట్టు. తల్లీ కూనలకు ఒక పెట్టె చాలు. మిగిలిన రెండూ వీటితో కలిసి పడుకుంటాయన్న ఆశ పెట్టుకోక, వాటికి మరొకటి చేయి. పైమూత వెనుక వైపు బందులు వేసి తెరుచుకునేలా ఉంచు, లేకపోతే గడ్డి మార్చాల్సినప్పుడల్లా మరలు విప్పవలసి వస్తుంది. గడ్డిని వదులుగా, పెట్టెలో మూడింట రెండు వంతుల దాకా నింపు. అణిచి కూరితే దూరడానికి చోటుండదు.

వాకిలి విషయాన్నే చాలామంది తేలిగ్గా తీసుకుంటారు, అక్కడే ఎక్కువ శ్రద్ధ కావాలి. వాకిలి 6 అంగుళాలకు మించకూడదు. పెద్ద పిల్లి అందులో సులువుగా పడుతుంది, కుక్క తల దూర్చినా భుజాలు పట్టవు. దాన్ని పొడవు వైపు గోడకు నడుమ కాక ఒక మూలకు కొయ్యి, అప్పుడు లోపలికి వచ్చిన గాలి పిల్లి పడుకున్న చోటికి నేరుగా తగలదు. వాకిలి కింది అంచు లోపలి నేలకంటే 3 అంగుళాలు ఎత్తున ఉండాలి, చిందిన వాన లోపలికి రాదు, గడ్డి బయటికి జారదు. కోసిన రంధ్రంలో 160 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్కను నాలుగంగుళాల పొడవున కోసి బిగించి, చుట్టూ సిలికాన్ పట్టించు. ప్లైవుడ్‌కూ థర్మాకోల్‌కూ మధ్య నీరు దిగదు, పిల్లులు థర్మాకోల్ అంచును గీరవు. రెండో వాకిలి ఉండాలా అన్నదానిపై రెండు మాటలున్నాయి. కుక్క మీదికి వస్తే తప్పించుకోవడానికి మరో దారి కావాలని కొందరంటారు, రెండు రంధ్రాలుంటే గాలి ఒక వైపు నుంచి మరో వైపుకు దూసుకుపోతుందని మరికొందరు. నేను ఒకటే పెడతాను, దాన్ని కూడా వీధి వైపు కాకుండా ప్రహరీ గోడ వైపు తిప్పి, గోడకూ పెట్టెకూ మధ్య ఏడెనిమిది అంగుళాల సందు మాత్రమే వదులుతాను. ఆ సందులో పిల్లి తిరగగలదు, కుక్కకు చోటుండదు, గాలి కూడా గోడకే తగిలి ఆగుతుంది.

మీ పెరడంతా బండలు పరిచి ఉందని రాశావు. కడప బండ ఎంత అందంగా ఉన్నా చలికాలపు రాత్రి దాని మీద అరిచేయి ఆనించి చూడు, సంగతి నీకే తెలుస్తుంది. ఎంత వేడి ఇచ్చినా అది లాక్కుంటూనే ఉంటుంది. పెట్టెను నేరుగా బండ మీద పెట్టకుండా, నాలుగు మూలలా రెండేసి ఇటుకలు పేర్చి వాటి మీద ఉంచు, అడుగున గాలి ఆడి పలక కుళ్లకుండా ఉంటుంది, నీళ్లు కిందనే పారిపోతాయి. అదే బండ పైకప్పుగా మాత్రం ఎంతో పనికివస్తుంది. పెట్టెకు అటూ ఇటూ ఇటుకలతో చిన్న గోడలు లేపి, వాటిపై ఒక పాత బండను వెనక్కు వాలుగా, వాకిలి వైపు అర అడుగు బయటికి వచ్చేట్టు పరిస్తే ఎంత గాలివాన వచ్చినా కదలదు. బండ బరువు మాత్రం పెట్టె మీద పడకూడదు.

చోటు ఎంచేటప్పుడు దక్షిణపు ఎండ తగిలేటట్టు, ఈశాన్యపు గాలికి ఇల్లో గోడో అడ్డం ఉండేటట్టు చూడు. బుగ్గవంక పొంగినప్పుడు నీళ్లు మీ వీధిలో ఎంతదాకా వచ్చాయో పాతకాపులను అడిగి, ఆ మట్టానికి పైన ఉన్న చోటే తీసుకో. కాలువ పక్కన, చూరు నీళ్లు పడే చోట పెట్టవద్దు. పిల్లులు ఇప్పటికే పడుకునే చోటికి దగ్గరగా పెడితే అవి తొందరగా అలవాటు పడతాయి. వాటిని పట్టుకుని లోపలికి తోయడం ఎన్నడూ చేయకు, ఒకసారి బెదిరితే ఆ గూటి ముఖం చూడవు. పెరట్లో కుప్పింటాకు మొక్క ఉంటే దాని వేరు తవ్వి, కాస్త చితక్కొట్టి వాకిలి దగ్గర వేయి. దాని వాసనకు పిల్లులు వచ్చి దొర్లుతాయి. తిండి, నీళ్లు మాత్రం గూటికి పది పన్నెండు అడుగుల దూరంలో పెట్టు. గూట్లోనే తిండి పెడితే చీమలు, వాటి వెనుక కుక్కలు, పరాయి గండుపిల్లులు అన్నీ అక్కడికే చేరతాయి.

లోపల బల్బు వెలిగించడం, కుంపటి పెట్టడం వంటి ఆలోచనలు పొరపాటున కూడా చేయకు, అది ఎండుగడ్డి. పురుగులు రాకుండా కలరా ఉండలు వేయమనీ, ఫినాయిల్‌తో కడగమనీ ఎవరైనా చెబుతారు. ఆ రెండూ పిల్లులకు విషమే. కుక్కల గోమారి పోవడానికి వాడే పెర్మెత్రిన్ మందు పిల్లి ప్రాణం తీస్తుంది. పెట్టెను కడగాలంటే సబ్బునీళ్లు, ఎండ చాలు. పదిహేను రోజులకొకసారి గడ్డి చేత్తో చూసి, చెమ్మ తగిలితే ఆ రోజే మార్చు. మార్చేముందు పెట్టెను కర్రతో తట్టి, మందపాటి తొడుగులు వేసుకుని చేయి పెట్టు, మన ఇటుకల సందుల్లో తేళ్లకు కరువు లేదు. ఏ పిల్లి కరిచినా, రక్తం వచ్చేలా గీరినా ఆ చోటును 15 నిమిషాలు సబ్బుతో పారే నీళ్ల కింద కడిగి, వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి రేబీస్ టీకా వేయించుకో. కుక్క కాదు కదా అని ఉపేక్షించకు. మీ ఇంటాయన ఉదయం కారు తీసేముందు బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టమను, గూడున్నా కొన్ని పిల్లులు వెచ్చని ఇంజన్ పైకే ఎక్కుతాయి.

ఇంకో మాట. ఆ తల్లికి మళ్లీ ఈత రాకుండా చూడకపోతే నీవు ఏటా ఒక పెట్టె అదనంగా కట్టవలసి ఉంటుంది. పిల్లి కడుపుతో ఉండేది సుమారు 65 రోజులే, ఆడ కూన నాలుగైదు నెలలకే ఎదకు వస్తుంది. కూనలు పాలు మానిన తరువాత తల్లికి, సమయం వచ్చినప్పుడు వాటికి కూడా ఆపరేషన్ చేయించే విషయం పశువుల డాక్టరుతో మాట్లాడు. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది కనుక దారి చెప్పేవాళ్లు దొరకకపోరు. ఆపరేషన్ అయినట్టు గుర్తుగా మత్తులో ఉండగానే చెవి కొన కొద్దిగా కత్తిరిస్తారు, దాన్ని చూసి కంగారుపడకు.

ఇంటి యజమానికి ముందే చెప్పి పని మొదలుపెట్టు. పిల్లి ఎదురొస్తే కీడని నమ్మే మనిషైతే 1960 నాటి జంతు హింస నివారణ చట్టం వల్లించబోకు, గూడుంటే ఎలుకల బాధ తగ్గుతుందని చెప్పు, పెట్టెకు ప్రహరీ రంగే వేసి కంటికి కనపడకుండా చేయి. చట్టంకంటే అదే త్వరగా పనిచేస్తుంది.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుంది కదా, ఆ వారంలో గడ్డి తీసి మొక్కల పాదుల్లో వేసి, పెట్టెను రెండు రోజులు ఎండబెట్టి అటక మీద దాచు. బండ కప్పును మాత్రం అలాగే ఉంచి కింద నీళ్ల తొట్టి పెట్టు, మీ కడప ఎండల్లో ఆ నీడ వాటికి పనికివస్తుంది. నీకు దొరికిన థర్మాకోల్ పెట్టెల బయటి కొలతలు మూడూ రాసి పంపితే, ఇక్కడ ప్లైవుడ్ కోయించి, మరలకు రంధ్రాలు కూడా వేయించి, బస్సులో పంపిస్తాను. పైపు, సిలికాన్ అక్కడే కొనుక్కో.

ఆశీస్సులతో,
పెద్దనాయన