సంతకాలు ఎన్నని కాదు, ముద్ర పడిందా లేదా అని అడగండి

ప్రశ్న: అధికారులకు వినతిపత్రం ఇస్తే నిజంగా పని జరుగుతుందా? ఎంతమంది సంతకాలు ఉంటే పట్టించుకుంటారు?

రెండో ప్రశ్న చూడగానే నవ్వొచ్చింది. సంతకాల పిచ్చి ఒకప్పుడు నాకూ ఉండేది.

మా వీధి చివర మురుగు కాలువ పూడిపోయి, వాన పడితే నీళ్ళు గుమ్మాల దాకా వచ్చేవి. అర్జీ రాసే పని నేనే నెత్తిన వేసుకున్నాను. కాలువతో మొదలుపెట్టి వెలగని వీధి దీపాలు, కుక్కలు, పార్కులో విరిగిన ఉయ్యాల, అన్నీ కలిపి నాలుగు పేజీలు నింపాను. ఎలాగూ వెళ్తున్నాం కదా, ఒకేసారి చెప్పేద్దామని. ఇల్లిల్లూ తిరిగి 62 సంతకాలు పెట్టించాను. ఒక పెద్దాయన సంతకం పెడుతూ "మా ఇంటి ముందు గుంత సంగతి కూడా రాయి బాబూ" అంటే అదీ ఇరికించాను.

పదిమందిమి కలిసి వెళ్ళాం. అధికారి మొదటి పేజీ చూసి, ఆఖరి పేజీ చూసి, "ఇంతకీ మీకేం కావాలండీ?" అన్నాడు. పదిమందిమీ ఒకేసారి మాట్లాడాం. ఆయన ఆ కాగితాలను పక్కనున్న కట్ట మీద పెట్టాడు. మేం ఫొటో దిగి వచ్చేశాం. నెలన్నర తర్వాత వెళ్తే "అలాంటిదేమీ మాకు రాలేదే" అన్నారు. సాక్ష్యంగా నా దగ్గరున్నది ఆ ఫొటో ఒక్కటే. అందులో అందరం నవ్వుతున్నాం, కాగితం మీద ఏముందో మాత్రం కనబడదు. వినతిపత్రం ఇస్తూ ఫొటోలు దిగేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, మొదటి ముద్దాయిని నేనే అయినా సరే.

రెండోసారి ఒక్కణ్ణే వెళ్ళాను. ఈసారి ఎనిమిది లైన్లే: కాలువ ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా పూడింది, నీళ్ళు ఏ తేదీన ఇళ్ళలోకి వచ్చాయి, పూడిక తీయించండి. రెండు కాపీలు పట్టుకెళ్ళాను. వచ్చిన కాగితాలు తీసుకునే ఇన్‌వర్డ్‌ సెక్షన్‌లో కూర్చున్నాయన "ఇచ్చి వెళ్ళండి, సార్‌కి చూపిస్తాం" అన్నాడు. నా కాపీ మీద ముద్ర, నంబరు వేసివ్వమన్నాను. స్టాంపు ప్యాడ్ ఆరిపోయిందన్నాడు. "పర్లేదండీ, కూర్చుంటా" అని బెంచీ మీద కూర్చున్నాను. గంటన్నర తర్వాత ప్యాడ్ దానంతటదే తడిసింది.

మళ్ళీ వెళ్ళి ఆ నంబరు చెబితే "రాలేదే" అనే మాటే లేదు. రిజిస్టరు తిప్పారు. నా అర్జీ సంబంధం లేని సెక్షన్‌కి పోయి అక్కడే పడి ఉందట. దాన్ని సరైన టేబుల్ మీదికి మార్పించాక మూడు వారాల్లో పూడిక తీశారు. వానాకాలం ముందు ఎలాగూ తీసేవాళ్ళేనని మా ఆవిడ అంటుంది. నేను ఒప్పుకోను.

ఇంకో చిరాకు, అర్జీల భాష. టైపు చేసేవాళ్ళ దగ్గరికి వెళ్తే "తమరు దయదలచి కరుణించవలసిందిగా" అని మొదలెడతారు. మర్యాదగా రాయాలి, నిజమే. కానీ పూడిక తీయించడం అధికారుల ఉద్యోగం, అందులో కరుణకేం పని? అర్జీ పెట్టినందుకు జైల్లో వేసిన రోజులు కూడా ఉన్నాయి. 1688లో ఇంగ్లండ్‌లో ఏడుగురు బిషప్పులు రాజు రెండో జేమ్స్‌కి ఒక ఆజ్ఞ మీద వినతి పెట్టుకుంటే, రాజద్రోహపు రాత అని కేసు పెట్టి లండన్ టవర్‌లో బంధించారు. జ్యూరీ నిర్దోషులని వదిలేసింది. మరుసటి ఏడాది వచ్చిన హక్కుల చట్టంలో, రాజుకు అర్జీ పెట్టుకోవడం ప్రజల హక్కు, అందుకు శిక్షించడం చెల్లదు అని రాసుకున్నారు. అంత కష్టపడి తెచ్చుకున్నదాన్ని మనం మళ్ళీ కాళ్ళ మీద పడే భాషలో రాస్తున్నాం.

సంతకాల సంగతికొస్తే, 1848లో అదే దేశంలో చార్టిస్టులనే ఉద్యమకారులు ఓటు హక్కు కోసం పార్లమెంటుకు ఒక మహా అర్జీ ఇచ్చారు. 57 లక్షల సంతకాలన్నారు. గుమాస్తాలు లెక్కపెడితే 20 లక్షలకు కాస్త తక్కువే తేలాయి. వాటిలో విక్టోరియా రాణి పేరు కూడా ఉంది! అడిగింది న్యాయమే, అయినా ఊరంతా ఆ దొంగ సంతకాల మీదే జోకులేసుకుంది. మా 62లో కూడా మూడు ఒకే చేతిరాత, ఇప్పుడు చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

ఆ రెండో అర్జీ కాపీ ఇంకా నా ఫైల్లోనే ఉంది. ముద్ర వెలిసిపోతోందని మొన్ననే జిరాక్స్ తీయించి పెట్టాను.