జెండా కుట్టేటప్పుడు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: బడి కోసం 900×600 మి.మీ. జాతీయ జెండా కుట్టాను. మూడు పట్టీలూ 200 మి.మీ. చొప్పున కత్తిరించినా 185 మి.మీ. చక్రం తెలుపులో పట్టడం లేదు. అచ్చు ఒకవైపే వేయిస్తే సరిపోతుందా?
— ఒక దర్జీ, ఆదోని

జవాబు: కొలతలు సరైనవే, పొరపాటు కత్తిరింపులో జరిగింది. 200 అనేది కుట్టు పూర్తయ్యాక కనిపించాల్సిన వెడల్పు. తెలుపుకు రెండు వైపులా అతుకు పడుతుంది. ఒక్కో అతుకు 12 మి.మీ. తిన్నా మిగిలేది 176. ఇక 185 చక్రం ఎక్కడ పడుతుంది? తెలుపును 224 వెడల్పున కత్తిరించండి. కాషాయం, ఆకుపచ్చలకు ఒక అంచు అతుకు, ఇంకో అంచు మడత. ఆ అంచును 12 మి.మీ. చొప్పున రెండుసార్లు మడిస్తే 236 కావాలి. పొడవుకూ రెండు చివరల మడతలు కలుపుకోండి. అప్పుడు చక్రానికి పైనా కిందా ఏడున్నర మి.మీ. తెలుపు మిగులుతుంది. ఇంత సన్నని జాగా కాబట్టి అతుకు గీత వంకరపోతే కంటికి ఇట్టే తెలిసిపోతుంది.

ఒకవైపు అచ్చు చాలదు, జెండా రెండు వైపులా ఒకేలా కనిపించాలి. 1931 నాటి కాంగ్రెస్ జెండా మీద రాట్నం ఉండేది. పత్తి ఊరివారు మీకు చెప్పాలా, రాట్నానికి ఒక పక్క చక్రం, మరో పక్క కదురు. వెనక నుంచి చూస్తే అవి తారుమారవుతాయి. 1947 జులై 22న రాజ్యాంగ సభలో జెండా తీర్మానం పెడుతూ నెహ్రూ ఈ ఇబ్బందినే చెప్పారు. రాట్నంలోని చక్రాన్ని మాత్రమే ఉంచితే ఎటు చూసినా ఒకటే.

చక్రం ఆకులు, అంటే నడిమి నుంచి అంచుకు సాగే గీతలు, 24. కంపాస్‌ను చక్రం వ్యాసార్ధానికే తెరిచి చుట్టూ గుర్తులు పెడితే ఆరు వస్తాయి. ఒక్కో భాగాన్ని సగం, మళ్లీ సగం చేయండి. రెండో వైపు అచ్చు వేసేముందు నడిమధ్య ఒక గుండుసూది, పైనా కిందా ఆకుల కొసల్లో చెరొకటి ఆరపార గుచ్చండి. నడిమి సూది ఒక్కటే అయితే చక్రం తిరిగిపోయి, వెలుతురులో 48 ఆకులు కనిపిస్తాయి.

ప్రశ్న: గోడకు నిలువుగా వేలాడదీస్తే కాషాయం ఎటు రావాలి?
— కడప

జవాబు: ఎదురుగా నిలబడి చూసేవారికి ఎడమవైపు. కుడివైపు వచ్చిందంటే జెండాను వెనక్కి తిప్పి కట్టండి. ఒకవైపే అచ్చున్న జెండాకు ఆ వీలుండదు.