ఒకే ముక్కకి రెండు పేర్లెందుకు?

'ఆన్ ది టేబుల్'ని ఒక ఇంగ్లీష్ గ్రామర్ పుస్తకం ప్రిపోజిషనల్ ఫ్రేజ్ అంటోంది, ఇంకోటి అడ్వెర్బియల్ అంటోంది, ఏది రైట్ అని అడిగారు కదా. రెండూ రైటే. మొదటిది ఆ ముక్క దేనితో తయారైందో చెప్పే పేరు, అంటే ఒక ప్రిపోజిషన్ ('ఆన్' లాంటి మాట), దాని వెనక ఒక నౌన్. రెండోది వాక్యంలో అది చేసే పని పేరు, అంటే ఎక్కడ, ఎప్పుడు, ఎలా అన్నది చెప్పడం. ఇవి పోటీ పేర్లు అన్నట్టు పక్కపక్కనే పెట్టి నేర్పడం వల్లే ఈ గందరగోళమంతా.

ఆ పని మాత్రం వాక్యాన్ని బట్టి మారొచ్చు. ఇప్పుడు 'ఐ పుట్ ది బుక్ ఆన్ ది టేబుల్' చూడండి. 'ది బుక్' తీసేసి 'ఇట్' పెడితే 'ఐ పుట్ ఇట్ ఆన్ ది టేబుల్' అవుతుంది, 'ఆన్ ది టేబుల్' విడిగా నిలబడింది, ఎక్కడ పెట్టానో చెబుతోంది కాబట్టి అది అడ్వెర్బియల్. అదే 'ది బుక్ ఆన్ ది టేబుల్ ఈజ్ మైన్' అన్నప్పుడు 'ఇట్ ఈజ్ మైన్' అనేయొచ్చు, 'ఆన్ ది టేబుల్' కూడా 'ఇట్'లోనే కలిసిపోయింది. అంటే ఇక్కడ ఆ ముక్క ఏ పుస్తకమో చెప్పే విశేషణం పని చేస్తోంది.

'షి హిట్ ది మ్యాన్ విత్ ది స్టిక్' లాంటివి మాత్రం నిజంగానే రెండు రకాలుగా అర్థమవుతాయి. కర్రతో కొట్టిందా, కర్ర ఉన్నవాణ్ణి కొట్టిందా అన్నది ముందువెనకల మాటల్ని బట్టే తేలుతుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు.

అన్నట్టు అడ్వెర్బియల్‌కి ప్రిపోజిషన్ ఉండి తీరాలని లేదు, 'ఎస్టర్‌డే', 'లాస్ట్ వీక్', 'వెన్ హి కేమ్' కూడా ఆ పని చేస్తాయి.