అర్మేరో దాకా లావా రాలేదండి

లావా నెమ్మదిగా పారుతుంది కదా, మరి 1985లో కొలంబియాలో అర్మేరో ఊరు మొత్తం ఎలా పోయింది అని అడిగారు కదా, అసలు అక్కడిదాకా లావా రానే లేదండి. నవంబర్ 13 రాత్రి 9 దాటాక నెవాడో డెల్ రూయిజ్ అనే అగ్నిపర్వతం పేలింది, పేలుడు మరీ పెద్దదేం కాదు, కానీ కాలిపోయే బూడిద, రాళ్లు, గ్యాస్ కలిసి శిఖరం మీదున్న మంచు మీంచి దూసుకెళ్లి కొంత కరిగించేశాయి, ఆ నీళ్లు లోయల్లో మట్టి, బండలు ఊడ్చుకుంటూ తడి సిమెంటులా చిక్కబడి దారిపొడవునా పెరిగిపోయాయి. దీన్నే లాహార్ అంటారు. రెండున్నర గంటల్లో ఊరి మీద పడింది, 20 వేల మందికి పైగా పోయారు. ఎక్కడెక్కడ ప్రమాదం ఉందో చూపే మ్యాప్ అక్టోబర్‌లోనే రెడీ అయింది, అందులో అర్మేరో కూడా ఉంది, అయినా ఊరు ఖాళీ చేయించలేదు, అదే ఘోరం. అగ్నిపర్వతాల ప్రమాదాల మీద మీరు చేస్తున్న ప్రాజెక్ట్‌లో లావా కంటే ముందు లాహార్లు, వేడి బూడిద ప్రవాహాలు పెట్టండి.